రోల్‌కేజ్: కారులో ఉక్కు పంజరం

కారు పల్టీ కొట్టినా లోపలి మనుషులకు కూర్చున్న చోటు కూర్చున్నట్టే మిగలాలని, పైకప్పు రేకు కింద ఉక్కు గొట్టాలతో కట్టే చట్రాన్ని రోల్‌కేజ్ అంటారు. రేసు కార్లకు, ర్యాలీ కార్లకు ఇది తప్పనిసరి. సినిమాల కోసం పల్టీలు కొట్టించే కార్లలోనూ ఉంటుంది. 2006లో వచ్చిన ‘క్యాసినో రాయల్’ చిత్రీకరణలో ఒక ఆస్టన్ మార్టిన్ కారు వరసగా ఏడు పల్టీలు కొట్టి గిన్నిస్ పుస్తకానికెక్కింది. స్టంట్ డ్రైవరు ఆ కారులోనే ఉన్నాడు, బతికి బయటికొచ్చాడు. కేజ్ అంటే పంజరమే గానీ, పంజరం అనగానే మనకు చిలక గుర్తొస్తుంది. ఇక్కడ తలుచుకోవలసింది అస్థిపంజరాన్ని. పక్కటెముకలు గుండెను కాచినట్టు ఈ గొట్టాలు కారులోని ఖాళీ చోటును కాస్తాయి. అవి కాసేది చోటునే, నేరుగా మనిషిని కాదు. ఈ తేడా పట్టుకుంటే రోల్‌కేజ్ మంచిచెడ్డలు సగం అర్థమైనట్టే.

రేసు ట్రాక్ మీద లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టిన ఈ చట్రాన్ని, రోజూ ఆఫీసుకు, పిల్లల బడికి తిరిగే కారులో బిగిస్తే భద్రత పెరగకపోగా చాలాసార్లు తగ్గుతుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఈ రంగంలో పనిచేసేవాళ్లకు ఇది పాత సంగతే.

నిర్మాణం

రోల్‌కేజ్‌లో మొదట నిలబెట్టేది మెయిన్ హూప్. ముందు సీట్ల వెనక, ఒకే గొట్టాన్ని అతుకు లేకుండా ద్వారబంధంలా వంచి, రెండు కాళ్లూ కారు నేలకు బిగిస్తారు. దాని నుంచి పైకప్పు అంచుల వెంట ముందుకు సాగి, ముందు అద్దం పక్క స్తంభాల వెంబడి కిందికి దిగే గొట్టాలు కొన్ని. వెనక్కి వాలుగా దిగే ఆసరా గొట్టాలు రెండు. తలుపులకు అడ్డంగా డోర్ బార్లు, మూల నుంచి మూలకు ఏటవాలు గొట్టాలు. ఇవన్నీ ఉంటే ఫుల్ కేజ్. మెయిన్ హూప్, వెనక ఆసరాలు మాత్రమే ఉంటే హాఫ్ కేజ్. దాన్నే రోల్‌బార్ అని కూడా అంటారు.

ఏటవాలు గొట్టాలు అలంకారం కోసం కాదు. నాలుగు కర్రలతో కట్టిన చట్రాన్ని ఒక మూల పట్టుకు నెడితే పక్కకు ఒరుగుతుంది. అందులోనే కర్ణంలా ఇంకో కర్ర కొడితే కదలదు. పెళ్లి పందిరి వేసేవాళ్లు గుంజకూ అడ్డకర్రకూ మధ్య ఏటవాలు ఆసరా కట్టేది ఇందుకే. త్రిభుజం రూపు మారాలంటే దాని భుజమే విరగాలి, లేదా నలగాలి. మంచి కేజ్‌ను చూస్తే ఎటు చూసినా త్రిభుజాలే కనిపిస్తాయి.

కొలతలకు ప్రపంచమంతటా ప్రమాణంగా తీసుకునేది అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, అంటే ఎఫ్‌ఐఏ, నియమావళిలో అనుబంధం ‘జె’లోని 253వ నిబంధన. అతుకు లేకుండా చల్లగా లాగి తీసిన కార్బన్ ఉక్కు గొట్టాలే వాడాలి. ఆ ఉక్కులో కార్బన్ 0.3 శాతం మించకూడదు. మెయిన్ హూప్‌కు 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం ఉన్న గొట్టం గానీ, 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్నది గానీ కావాలి. ఈ రెండిట్లో ఏది గట్టిదని అడిగితే చాలామంది మందమున్నదే అంటారు. లెక్క వేసి చూస్తే వంగకుండా నిలిచే గుణంలో 50 మి.మీ. గొట్టమే సుమారు 15 శాతం మెరుగు, పైగా తేలిక: మీటరుకు 2.4 కిలోలు తూగుతుంది, 45 మి.మీ. గొట్టం 2.6 కిలోలు. 45 మి.మీ. గొట్టంలోని ఉక్కునంతా కరిగించి అదే పొడవు గట్టి ఊచగా పోస్తే అది 20 మి.మీ. పైచిలుకు లావుంటుంది. బరువు ఒకటే, కానీ గొట్టం ఆ ఊచ కంటే ఎనిమిది రెట్లకు పైగా వంపును తట్టుకుంటుంది. వెదురు బొంగు లోపల గుల్లగా ఉండి కూడా గాలివానకు నిలబడే సూత్రం ఇదే. అలాగని గోడను మరీ పల్చన చేస్తే గొట్టం సొట్టపడి మడత పడుతుంది. అందుకే 2 మి.మీ. కన్నా తగ్గనివ్వరు.

గొట్టం వంచేటప్పుడు వేడి చేయకూడదు. వంపు వ్యాసార్ధం గొట్టం వ్యాసానికి మూడు రెట్లయినా ఉండాలి. వంచిన చోట గుండ్రం చెడి కోడిగుడ్డులా అయితే, చిన్న వ్యాసం పెద్ద వ్యాసంలో పదింట తొమ్మిది వంతులకు తగ్గకూడదు. ఒక గొట్టం ఇంకొకదాన్ని కలిసే చోట దాని కొనను చేప నోరు తెరిచినట్టు కోస్తారు. షెడ్లలో దీన్ని ఫిష్‌మౌత్ కటింగ్ అనే అంటారు. ఆ నోరు రెండో గొట్టాన్ని సందు లేకుండా కరుచుకోవాలి. కోత సరిగ్గా కుదరక మిగిలిన సందును వెల్డింగ్ రాడ్డు కరిగించి పూడ్చేస్తే బయటికి నున్నగానే కనిపిస్తుంది గాని, బలం ఉండదు.

అన్నిటికన్నా తక్కువ మంది పట్టించుకునేది కేజ్ కాళ్లు. కారు నేల రేకు మందం మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. దాని మీద గొట్టాన్ని నేరుగా నిలబెడితే, కారు తలకిందులైనప్పుడు ఆ కాలు బురదలో మడమ దిగబడ్డట్టు రేకును చీల్చుకుని పోతుంది. అందుకే మెయిన్ హూప్ కాలు దిగే ప్రతి చోటా కనీసం 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, 3 మి.మీ. మందం ఉన్న ఉక్కు పలకను కారు బాడీకి వేయాలని, కాలును కనీసం మూడు 8 మి.మీ. బోల్టులతో బిగించాలని నియమం. కేజ్ ఎంత బలమైనదైనా దాని అసలు బలం ఈ అరచేయంత పలకలదే.

ఎంత బరువు మోయాలన్నదానికీ లెక్కుంది. ఆమోద ముద్ర కోసం పరీక్షకు పెట్టే కేజ్, కారు బరువుకు 150 కిలోలు కలిపి, దాన్ని ఏడున్నరతో హెచ్చించినంత భారాన్ని మెయిన్ హూప్ మీద మోయాలి. 1,200 కిలోల కారైతే ఇది పది టన్నులు దాటుతుంది. ఇసుక లారీ లోడు మీద పడ్డా కప్పు కుంగకూడదన్నమాట.

ఎక్కడి నుంచి వచ్చింది

మనుషులు కూర్చునే గదిని గట్టిగా ఉంచి, ముందూ వెనకా భాగాలను నలగనివ్వాలన్న ఆలోచనకు మూలపురుషుడు బేలా బారెనీ. మెర్సిడెస్ బెంజ్‌లో పనిచేసిన ఈ ఇంజనీరు పేరిట 1951లో దీనిపై పేటెంట్ దాఖలైంది. 1959లో ఆ కంపెనీ తెచ్చిన డబ్ల్యూ111 కారులో అది రోడ్డెక్కింది. నేటి కార్లన్నీ ఆ ఆలోచన సంతానమే. అంటే మన ఇంటి ముందు నిలిపిన కారులో కూడా ఒక కేజ్ ఉంది. స్తంభాలలో, కప్పు అంచుల్లో, గుమ్మాల్లో గట్టి ఉక్కు రూపంలో, రేకు మడతల వెనక కనబడకుండా ఉంది. రోల్‌కేజ్ బిగించడమంటే లేనిదాన్ని తేవడం కాదు, ఉన్నదానిలో ఇంకొకటి దూర్చడం.

రేసుల్లో మొదట వచ్చింది డ్రైవరు వెనక ఒంటి బార్ మాత్రమే. ఫార్ములా వన్‌లో 1961లో అది తప్పనిసరైంది. 1960లలో బ్రిటన్ రేసు డ్రైవరు జాన్ ఆలీ రేసు కార్ల కోసం బార్లు తయారుచేసి అమ్మాడు. అవి ‘ఆలీబార్’ అన్న పేరుతోనే ప్రచారమయ్యాయి. అమెరికా స్టాక్ కారు రేసుల్లో కేజ్ క్రమంగా పెరిగి, కారు బాడీ దాని మీద తొడిగిన చొక్కాలా మారింది. 1996లో టాలడేగా ప్రమాదంలో డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ గాయపడ్డాక ముందు అద్దం మధ్యలో అదనంగా నిలువు బార్ చేరింది. దానికి ఆయన పేరే పెట్టారు.

రోడ్డు కార్లలో కప్పు లేని మోడళ్ల వాళ్లు దీన్ని ముందుగా అందిపుచ్చుకున్నారు. 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పోర్షే చూపిన 911 టార్గాకు సీట్ల వెనక వెడల్పాటి ఉక్కు పట్టీ ఉండేది. 1989 నాటి మెర్సిడెస్ ఎస్‌ఎల్‌లో బార్ దాగి ఉండి, కారు బోల్తా పడబోతోందని పసిగట్టగానే 0.3 సెకనులో పైకి లేచేది. నా దృష్టిలో రోడ్డు కారుకు తగిన జవాబు అదే: పనిలేనప్పుడు తలకు దూరంగా, పనిపడినప్పుడు సిద్ధంగా.

ఇదే కుటుంబంలోది ట్రాక్టరు మీద ఉండే రోల్‌బార్. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లన్నిటికీ దాన్ని తప్పనిసరి చేసింది. ట్రాక్టర్లు బోల్తాపడి రైతులు చనిపోవడం ఆ దేశంలో దాదాపు కనుమరుగైంది. మన పల్లెల్లో కాలవ గట్టు దిగుతూ ట్రక్కుతో సహా తిరగబడిన ట్రాక్టరు వార్త చదివినప్పుడల్లా ఆ 1959 గుర్తొస్తుంది. రోల్‌కేజ్ గురించి మన దగ్గర గట్టిగా మాట్లాడవలసిన బండి కారు కన్నా ట్రాక్టరే.

ఏం కాపాడింది, ఏం కాపాడలేకపోయింది

2020 జనవరి, మాంటెకార్లో ర్యాలీ. ప్రపంచ చాంపియన్ ఓట్ తానక్ నడుపుతున్న హ్యుందయ్ గంటకు సుమారు 180 కి.మీ. వేగంలో రోడ్డు తప్పింది. కొండవాలున చెట్ల మీదుగా గాల్లోకి లేచి, పల్టీలు కొడుతూ కింది రోడ్డు మీద పడింది. బాడీ నుజ్జయింది. తానక్, కోడ్రైవర్ మార్టిన్ యార్వెయోయా ఇద్దరూ కారులోంచి నడిచి వచ్చారు. మరుసటి నెలలోనే డేటోనా 500 రేసు చివరి ల్యాపులో రయన్ న్యూమన్ కారు గోడకు కొట్టుకుని తిరగబడింది. గాల్లో ఉండగానే వెనకొచ్చిన కారు డ్రైవరు వైపునే గుద్దింది. చూసినవాళ్లంతా ఆశ వదులుకున్నారు. రెండు రోజుల తర్వాత అతను ఇద్దరు కూతుళ్ల చేతులు పట్టుకుని ఆస్పత్రి నుంచి బయటికొచ్చాడు.

ఇలాంటి ఘటనలు చూసే చాలామందికి ‘మన కారుకూ వేయిస్తే?’ అన్న ఆలోచన పుడుతుంది. కానీ ఈ ముగ్గురూ హెల్మెట్లు పెట్టుకున్నారు, ఒంటికి అతుక్కునే గట్టి సీట్లలో కూర్చున్నారు, భుజాలను, నడుమును, తొడలను కట్టిపడేసే బెల్టులు బిగించుకున్నారు, తల, మెడల కదలికను ఆపే హన్స్ పరికరం తగిలించుకున్నారు. కేజ్ ఆ కూటమిలో ఒక సభ్యుడు మాత్రమే.

ఆ కూటమిలో ఒక్కరు తప్పుకుంటే ఏమవుతుందో 2001 ఫిబ్రవరి 18న తేలింది. డేటోనా 500 ఆఖరి ల్యాపులో ఎర్న్‌హార్ట్ కారు గోడను ఢీకొంది. పైకి అది పెద్ద ప్రమాదంలా కూడా కనిపించలేదు. కేజ్ నిలిచింది, లోపలి చోటూ నిలిచింది. తల మాత్రం ఆగలేదు. పుర్రె అడుగు ఎముక విరిగి ఆయన మరణించాడు. హన్స్‌ను రాబర్ట్ హబర్డ్, జిమ్ డౌనింగ్ 1980లలోనే తయారుచేసి పెట్టారు, చాలామంది డ్రైవర్లు ఇబ్బందిగా ఉందని వాడలేదు. ఆ ఏడాది అక్టోబరులో, స్టాక్ కారు రేసుల నిర్వాహక సంస్థ నాస్కార్ అలాంటి పరికరాన్ని తప్పనిసరి చేసింది.

పంజరానికి ఊచల మధ్య సందులుంటాయి. 2011 ఫిబ్రవరిలో ఇటలీలోని ఒక చిన్న ర్యాలీలో ఫార్ములా వన్ డ్రైవరు రాబర్ట్ కుబికా కారులోకి రోడ్డు పక్క గార్డ్‌రైల్ ఈటెలా దూసుకొచ్చింది. కుడిచేయి తెగిపోయేంత పనైంది. పక్క సీటులోని కోడ్రైవరుకు దెబ్బ తగలలేదు. 2023 ఏప్రిల్‌లో క్రొయేషియా ర్యాలీకి ముందు సాధనలో క్రెయిగ్ బ్రీన్ కారు తక్కువ వేగంలోనే జారి కంచెకు తగిలింది. ఒక కర్ర పక్క కిటికీలోంచి దూరి అతని ప్రాణం తీసింది. 2005లో వేల్స్ ర్యాలీలో కారు పక్కగా చెట్టును గుద్దినప్పుడు కోడ్రైవర్ మైకేల్ పార్క్ చనిపోయాడు. పక్క నుంచి తగిలే దెబ్బకు మనిషికీ చెట్టుకూ మధ్య ఉండేది జానెడు చోటే. కేజ్ ఎంత గట్టిదైనా ఆ జానెడును మూరెడు చేయలేదు. ఆ తర్వాత తలుపులో దెబ్బను మింగే మెత్తని పదార్థం నింపడం మీద, సీటును లోపలికి జరపడం మీద దృష్టి పెరిగింది.

రోడ్డు మీది కారులో

ఇప్పుడు అదే కేజ్‌ను మామూలు కారులో, హెల్మెట్ లేని డ్రైవరు చుట్టూ ఊహించుకోండి. తలుపు తీసి కూర్చోగానే ఎడమ కణతకో కుడి కణతకో కాస్త దూరంలో ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. కారు కొన్న రోజున కప్పుకూ తలకూ మధ్య ఉన్న ఖాళీలోంచి 45 మి.మీ. గొట్టం, దాని మీద పాతిక మి.మీ. మెత్త కలిసి 7 సెంటీమీటర్లు తినేశాయి. మూడు చోట్ల పట్టే మామూలు సీటుబెల్టు నడుమును, ఒక భుజాన్ని ఆపుతుందే తప్ప తలను ఆపదు. పక్క నుంచి ఆటో తగిలినా, గుంతలో పడి కారు ఊగినా తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. రేకు, ప్లాస్టిక్ తగిలితే అవి నలుగుతాయి. ఈ గొట్టం నలగకుండా ఉండేందుకే పుట్టింది. బోల్తాపడినప్పుడు బతికించాల్సిన వస్తువు, చిన్న గుద్దుకే పుర్రె పగలగొట్టగలదు. హెల్మెట్ తగిలే చోట వేసే మెత్తకు ఎఫ్‌ఐఏ ప్రత్యేక ప్రమాణం పెట్టింది. అది రాయిలా గట్టిగా ఉంటుంది, చేత్తో నొక్కితే లొంగదు, ఎందుకంటే అది హెల్మెట్ ఉన్న తల కోసం చేసింది. బజారులో దొరికే స్పాంజి తొడుగు వేలితో నొక్కితేనే అణిగిపోతుంది; తల తగిలినప్పుడు అడ్డే కాదు.

వెనక నుంచి దెబ్బ తగిలినప్పుడు మరో చిక్కు. మామూలు సీటు వీపు ఆ దెబ్బకు కొంత వెనక్కి వాలుతుంది. అలా వాలి కొంత శక్తిని మింగేటట్టే దాన్ని రూపొందిస్తారు. మెయిన్ హూప్ ఆ వాలే చోటులోనే నిలబడి ఉంటుంది. రేసు కారులో సీటు కదలదు కాబట్టి అక్కడ ఈ సమస్యే రాదు. ఇక వెనక సీటులో కూర్చున్నవాళ్ల మోకాళ్లకు, ముఖాలకు ఎదురుగా అదే హూప్. హాఫ్ కేజ్ వేసిన కారులో వెనక సీటు ఉందంటే, అక్కడ పిల్లలను కూర్చోబెట్టడం నేరంతో సమానమని నా అభిప్రాయం. యూరప్‌లో హాఫ్ కేజ్‌తో అమ్మే పోర్షే 911 జీటీ3 లాంటి కార్లలో వెనక సీట్లు అసలుండవు.

ఎయిర్‌బ్యాగుల సంగతి ఇంకా సున్నితం. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ కప్పు అంచులో మడిచి ఉంటుంది. కేజ్ గొట్టం సరిగ్గా దాని దారికి అడ్డంగా సాగుతుంది. తెరుచుకునేందుకు దానికున్న సమయం సెకనులో వందో వంతులు కొన్నే. బాడీ ఏ వేగంలో ఎంత నలుగుతుందన్న లెక్క మీద సెన్సర్లను అమరుస్తారు. బాడీని గట్టిపరిస్తే ఆ లెక్క మారుతుంది. బ్యాగు ఆలస్యంగా తెరుచుకోవచ్చు, అక్కర్లేనప్పుడు తెరుచుకోవచ్చు.

నలగడమన్నది లోపం కాదు, సాయం. గంటకు 50 కి.మీ. వేగంతో గోడను గుద్దిన కారు ముందు భాగం 60 సెం.మీ. నలిగి ఆగిందనుకుంటే లోపలివారి మీద పడే సగటు తాకిడి భూమ్యాకర్షణకు 16 రెట్లు. అదే 30 సెం.మీ. మాత్రమే నలిగితే 33 రెట్లు. సరైన కేజ్ మనుషుల గదికే పరిమితమై ముందు భాగాన్ని ముట్టదు. కానీ కేజ్ వేయించేవారిలో సగం మందికి భద్రత ఒక సాకు. మలుపుల్లో బండి బిగువుగా తిరగాలన్నది అసలు కోరిక. సస్పెన్షన్ మూలాల దాకా గొట్టాలు లాగితే బాడీ మెలిక తగ్గి బండి నిజంగానే బాగా తిరుగుతుంది. రేసులో అది గెలుపు. రోడ్డు మీద నలగాల్సిన చోటు నలగకుండా పోవచ్చు.

దీనికి తోడు నాలుగు పట్టీల హార్నెస్ బెల్టు ఒకటి. కేజ్ వేయించినవారు ఆగకుండా అదీ వేయిస్తారు. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ లేకపోతే భుజం పట్టీలు నడుము పట్టీని కడుపు మీదికి లాగేస్తాయి, మనిషి దాని కింది నుంచి జారి పేగులు నలుగుతాయి. ఉన్నా, ఒళ్లంతా కదలకుండా కట్టేసి తలను మాత్రం వదిలేస్తే జరిగేది ఎర్న్‌హార్ట్ కథే. ఇవి కాక డోర్ బార్ దాటుకుని దిగడం. ర్యాలీ డ్రైవర్లు హెల్మెట్‌తో సహా సెకన్లలో బయటపడటం సాధన చేస్తారు. కారులో పొగ వస్తుంటే అరవై దాటిన అమ్మమ్మ ఆ గొట్టాల మీదుగా కాలు ఎత్తి దిగగలదా?

కప్పు గట్టిగా ఉంటే చాలా?

ఈ ప్రశ్న మీద అమెరికాలో దశాబ్దాల పాటు వాదం నడిచింది. జనరల్ మోటార్స్ ఇంజనీర్లు 1983 నాటి షెవ్రొలే మాలిబు కార్లను ఎనిమిదింటిని పల్టీ కొట్టించారు. నాలుగింటికి మామూలు కప్పు, నాలుగింటికి రోల్‌కేజ్. లోపల బెల్టు లేని బొమ్మలు. 1985లో వెల్లడైన ఫలితం అందరినీ తికమకపెట్టింది: కేజ్ ఉన్న కార్లలో బొమ్మల మెడ మీద పడిన భారం తగ్గలేదు. కప్పు కుంగి తలను నొక్కడం వల్ల కాదు, కారు తిరగబడగానే మనిషే కప్పు వైపు దూకడం వల్ల మెడ విరుగుతోందని వాళ్లు తేల్చారు. 1990లో బెల్టులు కట్టిన బొమ్మలతో రెండో విడత వచ్చింది. ఆ కొలతల్ని మళ్లీ చదివిన ఇతర నిపుణులు ఒప్పుకోలేదు. ప్రాణాంతకమైన భారం కప్పు కుంగిన చోటే వస్తోందన్నారు. వాదం కోర్టుల దాకా పోయింది.

2008లో అమెరికా రహదారి భద్రతా బీమా సంస్థ ఐఐహెచ్‌ఎస్ నిజమైన ప్రమాదాల లెక్కలు తీసి, కప్పు గట్టిదైన కొద్దీ తీవ్ర గాయాలు, మరణాలు తగ్గుతున్నాయని చూపింది. మరుసటి ఏడాది ప్రభుత్వం నియమం మార్చింది. 1970ల నుంచి కారు బరువుకు ఒకటిన్నర రెట్లు మోస్తే చాలన్న కప్పు ఇకపై మూడు రెట్లు మోయాలని ఆదేశించింది. ఐఐహెచ్‌ఎస్ మంచి మార్కులకు నాలుగు రెట్లు అడిగింది. ఇవన్నీ రేకు మడతల్లోనే, గొట్టం లేకుండా సాధించారు. అలాగని మాలిబు పరీక్షల్లో నిజం లేదనలేం. తలకూ కప్పుకూ మధ్య ఖాళీ ఎంతుందన్నది ముఖ్యమని రెండు పక్షాలవారూ అంగీకరిస్తారు. ఆ ఖాళీని తినేదే కేజ్ గొట్టం.

పల్టీ మరణాల్లో బెల్టు కట్టుకోక బయటికి ఎగిరిపడ్డవారి వాటా పెద్దది. పల్టీయే పడకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ నేటి కార్లలో వస్తోంది. రోజువారీ డ్రైవరుకు ఈ రెండూ చేసే మేలులో పదో వంతు కూడా కేజ్ చేయదు.

మన దగ్గర

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడే వీలొచ్చింది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బండి ముందు బిగించే క్రాష్‌గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది కూడా ఈ సెక్షన్ కిందే. ముందు గార్డు, లోపల కేజ్ అన్నవి ఒకే ఆలోచనకు రెండు చివరలు: ఉక్కు ఎక్కువైతే భద్రత ఎక్కువన్న భ్రమ. ఇక ప్రమాదం జరిగాక బీమా కంపెనీ సర్వేయరు లోపల గొట్టాలు చూస్తే క్లెయిము సంగతి దేవుడెరుగు.

ఫ్యాక్టరీలోనే వచ్చే కేజ్ వేరు. 2020 అక్టోబరు 2న విడుదలైన మహీంద్రా థార్‌లో కంపెనీ అమర్చిన రోల్‌కేజ్ ఉంటుంది. కప్పు తీసేసే వీలున్న బండి కాబట్టి అది అవసరం. సీట్లు, బెల్టులు, ఎయిర్‌బ్యాగులు అన్నీ దాన్ని లెక్కలోకి తీసుకునే రూపొందాయి. అదే సంవత్సరం గ్లోబల్ ఎన్‌సీఏపీ క్రాష్ పరీక్షలో ఆ బండికి నాలుగు నక్షత్రాలు వచ్చాయి.

తెలుగు పిల్లలు రోల్‌కేజ్‌ను దగ్గరగా చూసేది ఇంజనీరింగ్ కాలేజీల్లో. 2007లో మొదలైన బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీ కోసం ఏటా రెండు తెలుగు రాష్ట్రాల నుంచి విద్యార్థి బృందాలు సొంతంగా బండి కట్టుకుని మధ్యప్రదేశ్‌లోని పీతంపుర్‌కు వెళ్తాయి. ఆ బండికి కప్పు లేదు, తలుపు లేదు, కేజే బండి. గొట్టానికి అంగుళం వ్యాసం, 3 మి.మీ. మందం అన్న కొలతలు అక్కడ అందరికీ కంఠస్థం. డ్రైవరు హెల్మెట్‌కు ఎటు చూసినా గొట్టాల సరిహద్దు నుంచి 152 మి.మీ. ఖాళీ ఉండాలి. పోటీకి ముందు వెల్డింగ్ నమూనాలు తయారుచేయాలి. రెండు గొట్టాలను అతికించి, విరిగేదాకా లాగాలి. విరగాల్సింది గొట్టం, అతుకు కాదు. ఇంకో నమూనాను నిలువునా కోసి, కరిగిన లోహం ఎంత లోతుకు దిగిందో చూపాలి. నాలుగేళ్ల చదువులో లోహం గురించి పుస్తకం నేర్పనిది ఆ విరిగిన ముక్క నేర్పుతుంది.

ఊళ్లలోని షెడ్లలో పద్ధతి దీనికి తలకిందులు. నీళ్ల పైపులకు వాడే జీఐ పైపు తెచ్చి, ఇసుక పోసి, గ్యాసుతో ఎర్రగా కాల్చి వంచి, నేల రేకుకు నేరుగా అతికిస్తారు. పైపు మీది జింకు పూత వెల్డింగ్ వేడికి ఆవిరై అతుకులో బుడగలు పడతాయి. ఆ తెల్లని పొగ పీల్చిన వెల్డరుకు రాత్రికి చలిజ్వరం. పైన నల్ల రంగు, ఎర్ర స్పాంజి తొడుగు వేశాక కొన్నవాడికి అది ర్యాలీ కారే. బోల్తా పడితే మాత్రం ఆ అతుకులు విడిపోయి, గొట్టం కొనలు లోపలికే పొడుచుకొస్తాయి. అలాంటి కేజ్ కన్నా లేకపోవడమే మేలు.

పాత ర్యాలీ కారు కొనదలిచినవారు రంగు చూసి మోసపోకుండా మొదట మెయిన్ హూప్ మీద తనిఖీ రంధ్రం ఉందేమో వెతకాలి. అది అయిదు మి.మీ. లోపు చిన్న బెజ్జం. గొట్టం గోడ మందం కొలిచేందుకే కొన్ని క్రీడా సంఘాలు దాన్ని వేయిస్తాయి. తర్వాత కార్పెట్ ఎత్తించి కాళ్ల కింద పలకలు చూడాలి. కారు ఎప్పుడైనా పల్టీ కొట్టిందా అని అడగాలి. ఆమోద ముద్ర పడిన కేజ్ ప్రమాదంలో దెబ్బతింటే ఎఫ్‌ఐఏ నియమం ప్రకారం దాన్ని బాగుచేయాల్సింది తయారుచేసినవారే, లేదా వాళ్ల అనుమతితోనే; సుత్తి పెట్టి తిన్నగా చేసిన గొట్టానికి ఆ ముద్ర వర్తించదు.